స్టవ్ అద్దం మార్చే ముందు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఆ మాటా ఈ మాటా చెబుతూ, "దాని కరెంటు స్టవ్ అద్దం పగిలిందిట, ఎవర్నీ పిలవదుట, తనే విప్పి కొత్తది వేసుకుంటానంటోంది" అంది. వినగానే ఎంత సంతోషం వేసిందో! చిన్నప్పుడు మా రిపేరు షాపులో బల్ల కింద కూర్చుని స్క్రూలు సైజులవారీగా డబ్బాల్లో వేసిన పిల్లవి. ఆ చేతులు ఊరికే పోలేదనుకున్నాను. అంతలో మీ అమ్మ ఇంకో ముక్క చెప్పింది. కొత్త అద్దం వచ్చేదాకా పగిలినచోట టేపు వేసి, బాగున్న వైపు పొయ్యి వాడుకుంటున్నావుట. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. ఫోన్లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు. అందుకే తెల్లారగానే కాగితం తీశాను.

ముందు ఆ బాగున్న వైపు వాడడం మానెయ్. ఈ ఉత్తరం పక్కన పెట్టి, లేచి వెళ్లి బ్రేకర్ దించి రా. స్టవ్ మీది బటను నొక్కి ఆపితే చాలదు, బోర్డులో బ్రేకర్ దించాలి. దించావా? అయితే ఇప్పుడు చదువు.

ఆ అద్దం గిన్నె పెట్టుకోవడానికి మాత్రమే ఉందనుకుంటున్నావు. కింద తిరిగే కరెంటుకీ, పైన పొంగే నీళ్లకీ మధ్య ఉన్న గోడ అదొక్కటే. బీట వెంట్రుకంత సన్నగా ఉన్నా నీళ్లు దిగుతాయి. ఉప్పు కలిసిన నీళ్లయితే కరెంటును ఇంకా బాగా మోస్తాయి. నువ్వు పక్క పొయ్యి మీద ఏదో పెడతావు, అది పొంగుతుంది, కంగారుగా తడిగుడ్డ తీసుకుని తుడుస్తావు. నా భయం ఆ తడిగుడ్డ గురించే. స్టవ్‌తో వచ్చే పుస్తకంలో కూడా ఉంటుంది చూడు, అద్దం పగిలితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది, వెంటనే కరెంటు ఆపెయ్యమని. పైగా బీట ఉన్నచోట ఉండదు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఇంకాస్త పాకుతుంది. టేపు వేస్తే వెయ్, కానీ బ్రేకర్ దించి ఉన్నప్పుడు పెంకులు రాలకుండా మాత్రమే. దాన్ని మరమ్మతు అనుకోకు.

అసలది బీటేనా, గీతా? అడిగానని కోపం తెచ్చుకోకు. అల్యూమినియం గిన్నె రాసుకుంటే కూడా వెండి గీతలా మరక పడుతుంది, దాన్ని చూసి అద్దం పగిలిందని స్టవ్‌లు మోసుకొచ్చినవాళ్లు ఉన్నారు. అద్దాల స్టవ్ తుడిచే క్రీముతో రుద్దితే అది పోతుంది. పోకపోతే గది చీకటి చేసి టార్చిలైటు పక్కవాటుగా పట్టుకుని చూడు. గీత పైపైనే ఉంటుంది. బీట అద్దం మందంలోకి దిగి లోపల తళుక్కుమంటుంది. పైపై గీతే అయితే మార్చక్కర్లేదు, హాయిగా వాడుకో.

బీటే అయితే మాత్రం అంటించే ఆలోచన పెట్టుకోకు. కారు అద్దానికి వేసే జిగురు వేస్తే సరిపోతుందనీ, ఎపాక్సీ పూస్తే రాయిలా పట్టేస్తుందనీ చెప్పేవాళ్లు దొరుకుతారు. ఎర్రగా కాలే రకం స్టవ్‌లో పొయ్యి దగ్గర అద్దం 500 డిగ్రీలు దాటుతుంది. మామూలు ఎపాక్సీ 200 డిగ్రీలకే చేతులెత్తేస్తుంది. ఇంకో సంగతి, ఈ అద్దం ఎంత కాలినా దాదాపు సాగదు. అదే దాని గొప్పతనం. జిగురు సాగుతుంది. ఒకటి సాగి ఒకటి సాగకపోతే అతుకు నిలబడదు కదా.

ఈ అద్దం పుట్టిన కథంటే మీ పెదనాన్నకి ప్రాణం. షాపుకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవారు. 1953లో కార్నింగ్ కంపెనీ ప్రయోగశాలలో స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజుముక్కని కొలిమిలో 600 డిగ్రీల దగ్గర వేడి చెయ్యబోతే, కొలిమి అదుపు తప్పి 900కి పోయింది. కరిగి ముద్దయిపోయి ఉంటుందనుకుని తలుపు తీస్తే తెల్లటి పలక ఉంది. పట్టకారుతో తీస్తుంటే జారి నేల మీద పడింది, పగల్లేదు. గాజులోపల సన్నటి స్ఫటికాలు కట్టడం వల్ల వచ్చిన బలం అది. మన స్టవ్‌ల మీద అద్దం ఆ వంశానిదే. ఆయన ఈ కథ చెప్పినప్పుడల్లా నేను పక్కనుంచి అందుకుని చెప్పేదాన్ని, వేడికి తట్టుకుంటుంది కదా అని దెబ్బకీ తట్టుకుంటుందనుకోవద్దని. మందం 4 మిల్లీమీటర్లే. పై అలమారలోంచి చిన్న సీసా మూలగా పడితే చాలు. నీది ఎలా పగిలిందో మీ అమ్మకి తెలియదంది. పైనుంచి ఏదైనా పడే పగిలి ఉంటే, కొత్త అద్దం బిగించేలోపు ఆ అలమార ఖాళీ చెయ్యి.

ఇక ఇప్పుడు చెప్పేది నిలబడి చదవకు, కూర్చుని చదువు. మీ పెదనాన్న సంగతి. నీకు ఉత్తరం రాస్తున్నానని తెలిసి, "ఆ రోజు సంగతి రాయి, దాచకు" అని ఆయనే అన్నారు.

మేం షాపు పెట్టిన కొత్తల్లో ఒకరింట్లో నాలుగు పొయ్యిల స్టవ్ అద్దం పగిలింది. మర తిప్పితే ఎర్రగా కాలే పాతరకం. అప్పటికి ఆయన పనిలో చెయ్యి తిరిగినవారే, కాకపోతే తొందర ఎక్కువ. నేను సామాను సంచీ పట్టుకుని వెంట వెళ్లాను. ఇంటావిడ బోర్డు చూపించి స్టవ్ బ్రేకర్ ఇదే అంది. ఆయన దించారు. ఎడమ పొయ్యి మర తిప్పి చూశారు, వేడెక్కలేదు. అద్దం ఎత్తి ఎడమవైపు వైర్ల దగ్గర టెస్టర్ పెట్టారు, వెలగలేదు. కరెంటు పోయింది కదా అని ఎడమ చేతిని రేకు తొట్టి అంచు మీద ఆనించి, కుడి చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని కుడివైపు పొయ్యి వైరు విప్పబోయారు.

ఆ స్టవ్‌కి రెండు ఫేజులున్నాయి తల్లీ, అంటే కరెంటు మోసుకొచ్చే వైర్లు రెండు. ఎడమ రెండు పొయ్యిలు ఒక ఫేజు మీద, కుడి రెండు ఇంకో ఫేజు మీద. పెద్ద స్టవ్‌లు ఒకే వైరు మీద లోడు పడకుండా చాలాచోట్ల అలా పంచి కలుపుతారు. సరిగ్గా చేస్తే రెండు ఫేజులకీ కలిపి ఒకే పిడి ఉన్న బ్రేకర్ పెట్టాలి, దించితే రెండూ ఒక్కసారే పోవాలి. అక్కడ ఎవరో విడివిడిగా రెండు బ్రేకర్లు పెట్టారు. రెండో దాని మీద "వంటగది ప్లగ్గులు" అని రాసి ఉంది.

నేను చూస్తూనే ఉన్నాను. అరుపు రాలేదు. షాక్ కొట్టినవాళ్లు అరుస్తారనుకుంటాం. ఆయన నోట్లోంచి చిన్న మూలుగులాంటిది వచ్చింది, చెయ్యి స్క్రూడ్రైవర్‌ని ఇంకా గట్టిగా పట్టేసుకుంది. కుడి చేతిలోంచి ఎడమ చేతికి, అంటే గుండె మీదుగా. ఆయన్ని పట్టుకుని లాగుదామని చెయ్యి చాపాను. ముట్టుకోకూడదని తెలిసీ చాపాను. అంతలో ఆయన మోకాళ్లు మడతపడి, బరువుకి చెయ్యి దానంతటదే ఊడింది. ఆ క్షణాన మోకాళ్లు మడతపడకపోతే నేనూ ఆయన్ని పట్టుకుని ఉండేదాన్ని. చూపుడువేలూ బొటనవేలూ కాలి తెల్లబడ్డాయి. డాక్టరు రాత్రంతా గుండె మిషను పెట్టి చూశారు. ప్రాణానికేం కాలేదు. కానీ ఆ రెండు వేళ్ల చివర స్పర్శ మళ్లీ రాలేదు. ఇవాళ్టికీ చొక్కా గుండీ పెట్టుకోవాలంటే అద్దంలో చూసుకోవాలి, అదీ కుదరకపోతే నేను పెడతాను.

అందుకని బుజ్జీ, పొయ్యి వెలగకపోతే కరెంటు లేదనుకోకు. ఒక వైరులో లేకపోతే అన్నిట్లోనూ లేదనుకోకు. బోర్డు మీద రాసిన పేరు నమ్మకు, ఇంట్లోవాళ్ల మాట నమ్మకు, నా మాట కూడా నమ్మకు. మీటరు తీసుకో. ముందు ఇంట్లో కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి అది పనిచేస్తోందని చూడు. తర్వాత స్టవ్ టెర్మినల్ బాక్సులో, అంటే బయటి వైర్లు వచ్చి స్టవ్‌కి కలిసే పెట్టెలో, ప్రతి వైరునీ ఎర్తుతో, న్యూట్రల్‌తో, ఒకదానితో ఒకటి కలిపి చూడు. మళ్లీ వెళ్లి కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి మీటరు మధ్యలో చావలేదని చూసుకో. ఆ రోజు తర్వాత మా షాపులో ఎవరూ ఇది చెయ్యకుండా స్క్రూ తియ్యలేదు. మెయినే దించేస్తే మరీ మంచిది, ఓ పూట ఫ్యాను లేకపోతే ఏం కాదు. దించినచోట "ఎత్తొద్దు, మనిషి పనిచేస్తోంది" అని కాగితం అంటించు. ఇంట్లో ఎవరో ఒకరు చీకటిగా ఉందని వచ్చి టక్కున ఎత్తేస్తారు.

మిగతా పని నీకు కష్టమేం కాదు. నీది ఎర్రగా కాలే రకమో, ఇండక్షనో మీ అమ్మ చెప్పలేకపోయింది, కాబట్టి రెండిటికీ రాస్తున్నాను. స్టవ్ కింద రేకు మీద అంటించిన చీటీ ఉంటుంది, దానిమీది మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా రాసుకో. అద్దం చూడ్డానికి ఒకేలా ఉన్నా మోడల్ మారితే బటన్ల గుర్తులూ, పొయ్యి వలయాలూ అరంగుళం పక్కకి పోతాయి. కొన్ని స్టవ్‌లలో అద్దాన్ని ఇనప చట్రానికి సిలికాన్‌తో అంటించేసి ఇస్తారు, అప్పుడు చట్రంతో సహా కొనాలి. ఆ ధర చాలాసార్లు కొత్త స్టవ్ ధరకి దగ్గరగా వస్తుంది. అలా అయితే మొహమాటపడకుండా కొత్తదే తీసుకో. గ్యారంటీ ఇంకా ఉంటే విప్పకముందే కంపెనీని అడుగు. పగలడం సాధారణంగా అందులోకి రాదు, కానీ నువ్వు విప్పితే మిగతా వాటికీ పోవచ్చు.

కొత్త స్టవ్ కొంటే కొలవాల్సింది పాత అద్దాన్ని కాదు, రాతిపలకలో కోసిన కంతని. పొడవు, వెడల్పు, కింద గాలి ఆడే ఖాళీ, ఈ మూడూ పుస్తకంలో ఉంటాయి. దానితోపాటు వైరు కూడా చూడు. 230 వోల్టుల మీద 7,200 వాట్ల స్టవ్ సుమారు 31 ఆంపియర్లు లాగుతుంది. పాత స్టవ్ 3,000 వాట్లదైతే దాని వైరు దీనికి చాలదు. వైరు మార్చడం, ఫేజుల మధ్య రాగి పట్టీలు ఎక్కడ వెయ్యాలో తేల్చడం మాత్రం నువ్వు చెయ్యొద్దు. పట్టీ తప్పు వేస్తే 230 వోల్టులకి చేసిన దానిమీద 400 పడుతుంది. దానికి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలువు. పిలవడం చిన్నతనం కాదు.

విప్పేటప్పుడు కళ్లజోడు, మందపాటి చేతితొడుగులు, కాళ్లకి బూట్లు. పగిలిన అద్దం మీద వెడల్పు టేపు అడ్డంగా నిలువుగా అంటించి ఎత్తితే పెంకులు కింద కాయిల్స్‌లో పడవు. ప్రతి వైరు తియ్యకముందే ఫోటో తీసుకో. ఎర్తు వైరు అన్నిటికన్నా చివర తియ్యి, బిగించేటప్పుడు అన్నిటికన్నా ముందు బిగించు. ఇండక్షన్ అయితే బ్రేకర్ దించాక పది నిమిషాలు ఆగు, లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. సర్క్యూట్ బోర్డుని వేళ్లతో తడమకు. కాయిల్ నడిబొడ్డున చిన్న సెన్సర్ ఉంటుంది, అది అద్దానికి ఆనుకుని ఉండాలి. ఆనకపోతే గిన్నె మాడుతున్నా స్టవ్‌కి తెలియదు. టచ్ బటన్ల కింద స్ప్రింగులుంటాయి, ఒక్కటి వంగినా ఆ బటను పలకదు.

కొత్త అద్దాన్ని అంచు మీద నిలబెట్టకు, దుప్పటి మడిచి దానిమీద పడుకోబెట్టు. దాని ప్రాణమంతా అంచుల్లోనే ఉంది. స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించు. బిగువు ఎక్కువైతే ఇవాళ బాగానే ఉంటుంది, వారానికి మూలలోంచి బీట వస్తుంది. రాతిపలకకి సిలికాన్ పూసి అంటించెయ్యకు, స్టవ్‌తో ఇచ్చిన స్పాంజి పట్టీ చాలు, మళ్లీ ఎప్పుడైనా తియ్యాలి కదా. మొదటిసారి వేడి చేసినప్పుడు కాస్త వాసన వస్తుంది, కంగారుపడకు. ఏదైనా పొంగి పంచదార పాకం అద్దం మీద పడితే మాత్రం చల్లారనివ్వకు. వేడి మీదే గీకుడు బ్లేడుతో తీసెయ్, చల్లారితే అద్దం పైపొరని పట్టుకుని ఊడుతుంది.

పాత అద్దాన్ని సీసాల చెత్తలో వెయ్యకు. మామూలు గాజు కరిగే వేడికి ఇది కరగదు, ఒక్క ముక్క కలిసినా కొత్త సీసాలు పాడవుతాయి. అట్టపెట్టెలో చుట్టి, పైన "పగిలిన గాజు" అని రాసి వేరుగా ఇవ్వు, చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగకుండా.

ఏ రోజు విప్పుతున్నావో ముందుగా చెప్పు. ఒంటరిగా ఉన్నప్పుడు మొదలుపెట్టకు, పక్కింటివాళ్లనైనా పిలిచి కూర్చోబెట్టుకో. వాళ్లకి మెయిన్ ఎక్కడుందో చూపించు, నీకేమైనా అయితే నిన్ను ముట్టుకోకుండా ముందు అది దించమని చెప్పు. టెర్మినల్ బాక్సు మూత తీశాక, వైర్లు కదపకముందు ఒక ఫోటో నాకు పంపు, మీ పెదనాన్న చూస్తానంటున్నారు. మోడల్ నంబరు చీటీ ఫోటో మాత్రం ఇవాళే పంపించు.

ఇట్లు
మీ పెద్దమ్మ