కన్ఫర్మేషన్‌లో మాట ఇవ్వాల్సింది పాప

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చిలో ఉన్నాం. మా పాపకు 14 ఏళ్లు. రెండు నెలల క్రితం పెద్దమనిషి అయింది. పరీక్షలు ఉన్నాయని అప్పుడు వేడుక చేయలేదు. వచ్చే నెల బిషప్ గారు మా చర్చికి వస్తున్నారు, పాప తోటి పిల్లలందరికీ కన్ఫర్మేషన్. శనివారం ఓణీల వేడుక, ఆదివారం కన్ఫర్మేషన్ పెట్టుకుంటే బంధువులు ఒకేసారి వచ్చి వెళ్తారని మా అత్తగారు, మా అన్నయ్య అంటున్నారు. ఫ్లెక్సీకి ఫోటో కూడా ఇచ్చాం. పాప రెండూ వద్దంటోంది. కన్ఫర్మేషన్ తరగతిలో ఏదో ప్రశ్న అడిగితే ముందు కంఠస్థం చేయమన్నారట. అప్పటినుంచి చర్చికి రావడానికే మొరాయిస్తోంది. మావారు పరువు పోతుందని కోప్పడుతున్నారు. పాప విశ్వాసానికి దూరమైపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్తగారు ఏమన్నారో, అన్నయ్య ఏమన్నారో, మీవారు ఏమన్నారో అన్నీ రాశారు. పాప అడిగిన ప్రశ్న ఏమిటో మాత్రం రాయలేదు. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఈ ముడి విప్పడం అక్కడినుంచే మొదలుపెట్టాలని నా నమ్మకం.

పసికందుగా ఉన్నప్పుడు పాపకు బాప్తిస్మం ఇప్పించి ఉంటారు. ఆ రోజు ఆమె తరఫున పెద్దలు మాట ఇచ్చారు. ఆ మాటను ఇప్పుడు సంఘం ఎదుట తన నోటితో తానే చెప్పడం కన్ఫర్మేషన్. ఆ తర్వాతే బిషప్ గారు తలమీద చేతులు ఉంచి ప్రార్థిస్తారు. విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కంఠతా రావడం మంచిదే. కానీ మనసు రాకుండా పాప చేత ఔననిపిస్తే, మీరు మళ్లీ ఆమె తరఫున మాట ఇచ్చినట్లే అవుతుంది. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్తిస్టు సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మమే ఇవ్వరు. ఎదిగి, తానుగా ఒప్పుకున్నాకే నీళ్లలోకి దిగాలి. పద్ధతులు వేరైనా రెండుచోట్లా కావలసింది ఆ పిల్లల సొంత మాటే.

ఆగితే చేజారిపోతుందని కదా మీ భయం. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బాప్తిస్మం ఇమ్మని ఎంతోమంది అడిగారు. కరువు సాయం నడిచినంతకాలం ఆయన ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని, ఆకలి తీరాక కూడా అదే కోరితే అప్పుడు చూద్దామని. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన ఆగినందువల్ల వాళ్లు వెళ్లిపోలేదు. మీ పాపకు ఈసారి కాకపోతే బిషప్ గారు మళ్లీ వచ్చినప్పుడు అవుతుంది. 14 ఏళ్లకే ముగించాలన్న గడువు ఏదీ లేదు.

ఇక ఓణీల వేడుక. దీన్ని ఒప్పుకోని సంఘాలున్నాయి, కృతజ్ఞతా కూడికగా మార్చి చేసుకునే కుటుంబాలూ ఉన్నాయి. అది పాపమా కాదా అన్న వాదంలోకి నేను వెళ్లను. నన్ను బాధపెట్టేది ఆ ఫ్లెక్సీ. తన ఒంట్లో జరిగిన మార్పును వీధి మలుపులో బొమ్మ కట్టి చాటితే, రేపు బడిలో అబ్బాయిల ముందు పాప ఎలా తలెత్తుకుంటుంది? ఆ మార్పు ఆమెను అడిగి రాలేదు. దాన్ని ఎవరికి చెప్పాలన్నదైనా ఆమెను అడగాలి కదా.

అత్తగారిని కూడా నొప్పించనక్కర్లేదు. ఆమెకు తెలిసిన ముద్దు చీర పెట్టడం, చిమ్మిలి చేసి తినిపించడం. మేనమామకు తెలిసిన ముద్దు బట్టలు తేవడం. పాప ఒప్పుకుంటే ఒక సాయంత్రం ఇంట్లోవాళ్లు మాత్రమే కూర్చుని ప్రార్థన చేసుకుని, చిమ్మిలి తిని, కలిసి భోంచేయండి. ఫోటోలు ఎవరికీ పంపకండి. అయితే రెండు వేడుకలనూ ఒక్కచోట కట్టడం మాత్రం నేను ఎంతమాత్రం ఒప్పుకోను. శనివారం విందుకు ఆదివారం ఆరాధన తోక అయిపోతుంది.

ముందు మీవారితో, పాప లేనప్పుడు మాట్లాడండి. పాప నిర్ణయం ఏదైనా, బంధువులకు చెప్పే భారం తండ్రిగా ఆయనే మోయాలి. ఆ పిల్ల చేత సంజాయిషీ చెప్పించకూడదు. తర్వాత మీరూ పాపా ఇద్దరే ఉన్నప్పుడు ఆమెను అడగండి: ‘ఆ రోజు తరగతిలో ఏమడిగావమ్మా? నాకు చెప్పవూ?’ చెప్పింది వింటూ ఉండండి. జవాబు తెలియకపోతే తెలియదనండి. పన్నెండేళ్ల యేసు యెరూషలేము దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వాళ్ల మాటలు వింటూ, ప్రశ్నలు వేస్తూ తల్లిదండ్రులకు కనిపించాడు. ఆయన చెప్పిన జవాబు మరియకు ఆ రోజు అర్థం కాలేదు. అయినా దాన్ని మనసులో భద్రం చేసుకుంది. మీరూ పాప మాటను అలా దాచుకోండి.

ఆ ప్రశ్నను పాస్టరుగారి దగ్గరికి తీసుకువెళ్లనా అని పాపనే అడగండి. ఆయనతో చెప్పడానికి సిగ్గుపడితే పాస్టరుగారి భార్యతోనో, పాపకు ఇష్టమైన సండే స్కూల్ టీచరుతోనో మాట్లాడించండి. ఫోను లాక్కుంటామనో, కొత్త బట్టలు కొంటామనో షరతులు పెట్టవద్దు. తిండి, నిద్ర తగ్గి, బడికి వెళ్లడం కూడా మానేస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకో కౌన్సెలర్‌కో చూపించండి.

ఫ్లెక్సీకి ఇచ్చిన ఫోటోను ఈ రోజే వెనక్కి తెచ్చుకోండి. తెచ్చి పాప చేతికే ఇవ్వండి.