అమిష్ పిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోతుందట, నిజమేనా? చట్టం దానికి ఒప్పుకుంటుందా? అక్కడ పెరిగినవాళ్లు దాని గురించి ఏమంటారు?

నిజమే. అమిష్‌లంటే అమెరికాలో కార్లు లాంటివి దూరం పెట్టి, పాత పద్ధతిలో బతికే ఒక క్రైస్తవ వర్గం. వాళ్ల పిల్లలకి పద్నాలుగేళ్లు వచ్చేసరికి బడి అయిపోతుంది. నేను అమిష్ ఇంట్లో పుట్టలేదు, మాది తెనాలి. కానీ చాలా ఏళ్లుగా మేముండేది పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీలో. మా రోడ్డు మీద కార్లతో పాటు గుర్రపు బగ్గీలూ తిరుగుతాయి. శనివారాలు ఇక్కడ పెద్దవాళ్లకి లెక్కలు చెప్తుంటాను. హైస్కూల్ పూర్తి చెయ్యనివాళ్లు దానికి బదులుగా రాసే జీఈడీ పరీక్ష కోసం వస్తారు. అమిష్ ఇళ్లలో పెరిగి బయటికొచ్చేసిన వాళ్లు కొందరు అక్కడే పరిచయమయ్యారు. ఇక లోపలే ఉన్నవాళ్లు మా ఇరుగుపొరుగు.

ముందు ఆ బడి ఎలా ఉంటుందో చెప్తాను. పక్క పొలం వాళ్లు పిలిస్తే క్రిస్మస్‌కి పిల్లలు చేసే కార్యక్రమం చూడ్డానికి వెళ్లాను. ఒకటే గది, ఎనిమిది తరగతులూ అందులోనే. గోడ పొడుగునా కొక్కేలు, వాటికి టోపీలు, బానెట్లు. టీచరు ఇరవై ఏళ్లు కూడా లేని అమ్మాయి, తను చదివిందీ ఎనిమిదే. ఆమె చిన్నవాళ్లకి పాఠం చెప్తుంటే పెద్దవాళ్లు చప్పుడు లేకుండా వాళ్ల లెక్కలు చేసుకుంటారట. ఇంట్లో వాళ్లు మాట్లాడేది పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాస. ఇంగ్లీషు చాలామందికి బడికొచ్చాకే వస్తుంది, బైబిల్ కోసం పుస్తకాల జర్మన్ కూడా నేర్పుతారు. చేతిరాత, స్పెల్లింగ్, నోటిలెక్క బ్రహ్మాండం. సైన్స్ నామమాత్రం. కంప్యూటర్ ఊసే లేదు.

చట్టం ఒప్పుకుంటుందా అని కూడా అడిగారు. ఊరికే ఒప్పుకోలేదు. ఒకప్పుడు వీళ్ల పిల్లలూ మిగతా పల్లె పిల్లలతో కలిసి ఊళ్లోని చిన్న సర్కారు బడికే వెళ్లేవారు. ప్రభుత్వం ఆ బడులు మూసేసి, బస్సెక్కించి దూరంగా ఉన్న పెద్ద స్కూళ్లకి పంపమనేసరికి గొడవ మొదలైంది. పెన్సిల్వేనియాలో తండ్రులు జైలుకి కూడా వెళ్లారు. 1965లో అయోవాలో అధికారులు బస్సు తీసుకుని బడికి వస్తే పిల్లలు మొక్కజొన్న చేలోకి పరుగెత్తారు. ఆ ఫొటో పేపర్లలో వచ్చి దేశమంతా చూసింది. చివరికి విస్కాన్సిన్‌లోని న్యూ గ్లారస్‌లో ముగ్గురు తండ్రులకి పిల్లల్ని హైస్కూల్‌కి పంపనందుకు తలా 5 డాలర్ల జరిమానా పడింది. ఆ కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1972లో అమిష్‌లకి అనుకూలంగా తేలింది. కోర్టుకెక్కడం వాళ్ల పద్ధతి కాదు, వాళ్ల తరఫున కేసు నడిపించింది బయటివాళ్లే. ఆ బెంచిలో జస్టిస్ డగ్లస్ ఒక్కరే, తల్లిదండ్రుల మాట సరే, పిల్లలకి ఏం కావాలో అడిగారా అని విడిగా రాశారు. నాకు ఆ తీర్పులో ఎప్పుడూ గుర్తుండేది అదే.

లోపలివాళ్లు ఏమంటారో మా పొరుగావిడ మాటల్లోనే చెప్తాను. ‘‘మావాడికి పద్నాలుగేళ్లకే పని వచ్చు. మీవాళ్లు ఇరవై దాటినా ఇంకా చదువుతూనే ఉంటారుగా’’ అని నవ్వింది. మా మేనల్లుడు బీటెక్ అయిపోయి అమీర్‌పేటలో మళ్లీ కోచింగ్‌కి తిరుగుతున్న రోజులవి, ఏం జవాబు చెప్పను? హైస్కూల్‌కి పంపితే నేను గొప్ప, నేను ముందు అనే పోటీ అలవాటవుతుందని, ఆ తర్వాత పిల్లలు ఇల్లు వదిలిపోతారని ఆవిడ దాచకుండానే చెప్పింది. ఇక్కడ వ్యవసాయం మీద బతికే కుటుంబాలు తగ్గిపోయాయి. ఫర్నిచర్, ఇళ్ల కట్టుబడి, మార్కెట్లో కొట్లు, వీటికి ఆ చదువు సరిపోతోంది. పన్నుల లెక్కలకి బయటి అకౌంటెంట్‌ని పెట్టుకుంటారు.

చిక్కంతా బయటికొచ్చిన వాళ్లకే. నా క్లాసుకొచ్చే ఒక కుర్రాడు తండ్రి దగ్గర వడ్రంగం చేసినవాడు. అంగుళంలో పదహారో వంతులు, ముప్ఫై రెండో వంతులు నేను పెన్ను తీసేలోపే కూడేస్తాడు. అదే సమీకరణంలో ఎక్స్ కనిపిస్తే, లెక్కలోకి అక్షరం ఎందుకొచ్చిందని అడిగాడు. ఆవు ఈనలేకపోతుంటే దూడని బయటికి లాగడం తెలుసు, జీవకణం అన్న మాట మాత్రం వినలేదు. వాటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టినవి కాగితాలు. ఫొటో దిగడానికి వాళ్ల మతం ఒప్పుకోదు, అందుకే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉండదు. సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్ పథకం నుంచి వాళ్లకి 1965లోనే మినహాయింపు వచ్చింది కాబట్టి చాలామందికి ఆ నంబరే ఉండదు. పరీక్ష రాయాలంటే ముందు ఆ కార్డు, ఉద్యోగం చెయ్యాలంటే ఆ నంబరు కావాలి.

అమిష్‌లు పుట్టుకతోనే సభ్యులైపోరు. సాధారణంగా పద్దెనిమిది దాటాక ఎవరికి వాళ్లు నిర్ణయించుకుని బాప్తిస్మం తీసుకుంటారు. నూటికి ఎనభై అయిదు మందికి పైగా ఉండిపోతారు. వాళ్లంతా బలవంతం మీద ఉన్నారని నేననను, మా పొరుగువాళ్లని చూస్తే అలా అనిపించదు కూడా. కాకపోతే బయట బతకడానికి కావలసిన చదువు నాలుగేళ్ల ముందే ఆపేసి, ఇప్పుడు నీ ఇష్టం అంటే అది సగం ఇష్టమే అవుతుందని నా అభిప్రాయం.

అందరూ ఒకే తీరు అనుకోకండి. ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో, ఇండియానా ఉత్తరాన సర్కారు స్కూళ్లకి వెళ్లే అమిష్ పిల్లలు ఈరోజుకీ ఉన్నారు.

నా క్లాసుకొచ్చే ఆ వడ్రంగం కుర్రాడికి పరీక్షలో ఇక సైన్స్ ఒక్కటే మిగిలింది. రేపు నీ పిల్లల్ని అమిష్ బడికి పంపుతావా అని అడిగాను. ఎనిమిది దాకా తప్పకుండా అక్కడికే, ఆ తర్వాత హైస్కూల్‌కి అన్నాడు.