కవలలకు రెండు గళ్ళ నోటుపుస్తకం

ఎనిమిదో నెల నడుస్తోందని, కడుపులో కవలలని, ముందుగా ఏమేమి కొనిపెట్టుకోవాలని, ఇద్దరినీ సమానంగా చూసుకోగలనా అని అడిగారు. కొనవలసిన వాటి సంగతి మొదటే తేల్చేస్తాను. ఒక నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. మిగతావి అవసరాన్ని బట్టి ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. మేము మోజుపడి ఇద్దరు పక్కపక్కన కూర్చునే తోపుడుబండి కొన్నాము. అది మా అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టలేదు. ఇప్పుడు బాల్కనీలో దాని మీద ఉల్లిపాయలు ఆరుతున్నాయి.

మాకు ఇద్దరూ ఆడపిల్లలే, ఇప్పుడు ఐదో ఏడు. 35 వారాలకే పుట్టారు. ఒకరు 2,100 గ్రాములు, ఇంకొకరు 1,700. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండేవారు. అందుకే మా అమ్మ ఒకరికి ఎర్ర మొలతాడు, ఇంకొకరికి నల్ల మొలతాడు కట్టింది. బారసాల దాకా ఇంట్లో వాళ్ళ పేర్లు ఎర్రతాడు, నల్లతాడు.

ఎవరు పెద్ద అనే తగువు వేరే. ముందు బయటికి వచ్చిన ఎర్రతాడే పెద్దదని ఆసుపత్రి కాగితం. కాదు, తర్వాత వచ్చినదే పెద్దదని మా అత్తగారు. భాగవతంలో ముందు పుట్టినవాడు హిరణ్యాక్షుడైనా, కడుపులో ముందు పడ్డ హిరణ్యకశిపుడే అన్న కదా అని ఆవిడ వాదన. చంటిపిల్లలకు రాక్షసులతో పోలిక ఏమిటని మా అమ్మ. ఇప్పటికీ తేలలేదు. మీ ఇంట్లోనూ వస్తుంది, సిద్ధంగా ఉండండి.

నల్లతాడు బరువు తక్కువ కాబట్టి ఇంటికి వచ్చాక కూడా కంగారూ పద్ధతి చెయ్యమన్నారు. బిడ్డకు టోపీ, డైపరు మాత్రం ఉంచి, పెద్దవాళ్ళ ఛాతీకి ఒంటికి ఒళ్ళు తగిలేలా నిలువుగా ఆనించి, పైన దుప్పటి కప్పాలి. 1978 ప్రాంతంలో బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. తల్లే చెయ్యాలని లేదు. నేను ఒకరికి పాలిస్తుంటే మా ఆయన చొక్కా విప్పి పడక్కుర్చీలో వాలి రెండోదాన్ని గుండెల మీద పెట్టుకునేవారు. మొదట మొహం తిప్పుకున్న అత్తగారే వారం తిరగకముందు "ఇటివ్వు, నువ్వు కాసేపు నడుం వాల్చు" అనడం మొదలుపెట్టారు.

ఇక నోటుపుస్తకం. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత, ఎడమ గడిలో "ఎ", కుడి గడిలో "న". ఎన్ని గంటలకు తాగింది, రొమ్ము పట్టించామా, పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోశామా, ఎన్నిసార్లు తడిపింది, చుక్కల మందు వేశామా లేదా. ఇది పిచ్చి కాదు. ఇంటికి వచ్చిన ఆరో రోజు తెల్లవారుజామున విటమిన్ డి చుక్కలు మా అమ్మ వేసిందని తెలియక నేనూ వేశాను, రెండుసార్లూ ఎర్రతాడుకే. నల్లతాడుకు అసలు లేదు. డాక్టరుకు ఫోను చేస్తే, ఒక్క రోజుకు భయం లేదు గానీ ఇక ముందు జాగ్రత్త అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వేసినవాళ్ళే రాయాలి, రాయనిది వెయ్యనట్టే.

నిద్ర విషయంలో నాకు పనికొచ్చినది ఒక్కటే. రాత్రి ఒకరు లేచి పాలు తాగితే, రెండోదాన్ని కూడా లేపి పట్టడం. నిద్రపోతున్న బిడ్డను లేపుతావా అని అందరూ తిట్టారు. లేపని రోజుల్లో నాకు గంట నిద్ర కూడా దక్కలేదు. రెండు నెలలు దాటి ఇద్దరికీ పట్టు దొరికాక, రెండు పక్కలా దిండ్లు పెట్టుకుని ఇద్దరి కాళ్ళూ నా చంకల కింద నుంచి వెనక్కి ఉండేలా పట్టుకుని ఒకేసారి ఇచ్చేదాన్ని. పాలు చాలవని బెదిరిస్తారు. తాగేకొద్దీ ఊరుతాయి. బరువు పెరగకపోతే మాత్రం మొహమాటం లేకుండా డాక్టరుకు చూపించండి.

నాలుగో నెలకు ఆ లెక్కలతో పని లేదు. నేను మానలేదు. బోర్లా పడటం, పాకడం, పళ్ళు, అన్నీ అవే రెండు గళ్ళలో. ఎర్రతాడు 11వ నెలలో నడిచింది. పక్క గడి ఖాళీ. 12, 13, 14 నెలలు, ఖాళీయే. నెలలు తక్కువ పిల్లలకు రెండేళ్ళ దాకా వయసును పుట్టవలసిన తేదీ నుంచి లెక్కించాలని (టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే), 18 నెలల లోపు నడిస్తే కంగారు అక్కర్లేదని డాక్టరు చెప్పారు. నేను పేజీలు తిప్పి చూపిస్తుంటే ఆవిడ పుస్తకం మూసి నా చేతికి ఇచ్చి, "వచ్చే నెల ఇది లేకుండా రండి" అన్నారు. నల్లతాడు 15వ నెలలో నడిచింది. ఏ తేదీనో నాకు గుర్తు లేదు.

మాటలు ఆలస్యం అయ్యాయి. కవలల్లో ఇది మామూలే. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే పెద్దవాళ్ళు తక్కువ, వాళ్ళిద్దరికీ వాళ్ళ సైగలు చాలు. మా వాళ్ళకు ఫ్యాను "ఊమ". చెవులు పరీక్ష చేయించాము, బాగానే ఉన్నాయి. బడిలో మొదటి ఏడాది ఒకే తరగతి, రెండో ఏడాది వేరు చేశాము. ఒకరిని అడిగితే రెండోది జవాబు చెబుతోందని టీచరు చెప్పాకే. వేరు చేసిన వారం ఇద్దరూ ఏడ్చారు, తర్వాత మానేశారు.

సమానంగా చూడటం గురించి అడిగారు కదా. అరటిపండును స్కేలు పెట్టి కోసినంత పని చేశాను, అయినా ఇద్దరికీ అవతలి ముక్కే పెద్దది. ఇప్పుడు కోయడం మానేసి, ఆదివారం ఒక్కరినే రైతుబజారుకు తీసుకెళ్తున్నాను. ఒక వారం ఒకరు, మరో వారం ఇంకొకరు. ఇంట్లో నోరు విప్పని నల్లతాడు అక్కడ ప్రతి బుట్ట దగ్గరా ఆగి ధర అడుగుతుంది. మొన్న కూరగాయలావిడ ముచ్చటపడి ఒక క్యారెట్టు చేతిలో పెట్టింది. అక్కకు దాస్తుందేమో అనుకున్నాను. ఆటో మా వీధి మలుపు తిరిగేలోగా మొత్తం నమిలేసి, గౌనుకు మూతి తుడుచుకుని, "ఇంట్లో చెప్పొద్దు" అంది. నేను చెప్పలేదు.