పడిపోయిన విమాన షేరు చౌకేనా?

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాగా పనిచేసి ఈ మధ్యే మానేశాను. వయసు 61. పీఎఫ్ డబ్బు 9 లక్షలు చేతికొచ్చింది. తక్కువ టికెట్ ధరల విమాన సంస్థ ఒకదాని షేరు పాత ధరలో పదో వంతుకు దిగిందని, విమానాలు మాత్రం నిండుగా వెళ్తున్నాయని, ఇంతకన్నా ఇంకేం పడుతుందని, 3 లక్షలు పెట్టమని మా అల్లుడు అంటున్నాడు. పెట్టవచ్చా?

సమాధానం: పెట్టవద్దనే నా సలహా. విమానాలు నిండుగా వెళ్తున్నాయన్న మీ అల్లుడిగారి మాట నిజమే కావచ్చు గానీ, సీట్లు నిండినంత మాత్రాన లాభం రాదు. టికెట్ డబ్బు రూపాయల్లో వస్తుంది, విమానాల అద్దె, ఇంజిన్ల మరమ్మతు ఖర్చు ఎక్కువగా డాలర్లలో పోతాయి, ఇంధనం ధర సంస్థ చేతిలో ఉండదు, పైగా పక్క సంస్థ టికెట్ తగ్గించిన రోజున తానూ తగ్గించక తప్పదు.

పదో వంతుకు దిగిన షేరు ఇంకేం పడుతుందన్న ప్రశ్నకు ఎయిర్ డెక్కన్ కథలో జవాబుంది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ప్రారంభించిన ఈ సంస్థ రూపాయి టికెట్లతో దేశమంతా పేరు తెచ్చుకుంది. 2006లో దాని మాతృసంస్థ డెక్కన్ ఏవియేషన్ షేరును 148 రూపాయలకు ప్రజలకు అమ్మింది. నష్టాలు ఆగకపోవడంతో మరుసటి ఏడాది విజయ్ మాల్యా వర్గం అందులో వాటా కొన్నది, 2008లో మాల్యాకు చెందిన ఖరీదైన టికెట్ల కింగ్‌ఫిషర్, ఈ సంస్థ కలిసిపోయాయి, డెక్కన్ కంపెనీయే పేరు మార్చుకొని కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ అయింది. అంటే చౌక విమానాన్ని నమ్మి షేరు కొన్నవారు, ఏ నిర్ణయమూ తీసుకోకుండానే, ఖరీదైన విమాన సంస్థకు వాటాదారులయ్యారు. 2012 అక్టోబరులో ఆ సంస్థ విమానాలు ఎగరడం ఆగిపోయింది, 2016లో కర్ణాటక హైకోర్టు కంపెనీ మూసివేతకు ఆదేశించింది. దారిలో 15 రూపాయల దగ్గర కొన్నవారు 148 నుంచి ఇంత పడింది కదా అనుకొనే కొన్నారు, కానీ షేరుకు విలువ లేకుండా పోయినప్పుడు 148కి కొన్నవారితో సమానంగా వారి పెట్టుబడి కూడా నూటికి నూరు పాళ్లూ పోయింది.

సంస్థ మునిగినా విమానాలు అమ్మితే ఎంతో కొంత రాదా అని మీకు అనిపించవచ్చు. సాధారణంగా ఆ విమానాలు సంస్థవి కావు, అద్దెవి. అద్దెకు తెచ్చిన హార్వెస్టర్లతో కోతలు పట్టే కాంట్రాక్టరు దివాలా తీస్తే, బండ్లు యజమాని తీసుకుపోతాడు తప్ప అప్పులవాళ్లకు మిగలవు కదా, ఇదీ అంతే. గో ఫస్ట్ విషయంలో జరిగింది ఇదే. 2005లో గోఎయిర్‌గా మొదలైన ఆ సంస్థ, ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల లోపాల వల్ల సగం విమానాలు ఎగరలేకపోతున్నాయని చెబుతూ 2023 మేలో స్వయంగా దివాలా పిటిషన్ వేసింది. ఏడాది తిరగకుండానే 54 విమానాలను అద్దెకిచ్చిన సంస్థలకు తిరిగి ఇచ్చేలా ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది, 2025 జనవరిలో దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ దాన్ని లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసేయడానికి, పంపింది. అది 2021లో తలపెట్టిన 3,600 కోట్ల ఐపీఓ (షేర్లను తొలిసారి ప్రజలకు అమ్మడం) పూర్తికాకపోవడం మామూలు మదుపరుల అదృష్టం. (మన హైదరాబాద్ నుంచే 2015లో ఎగిరిన ట్రూజెట్ కూడా 2022లో ఆగిపోయింది, అదీ స్టాక్ మార్కెట్‌కు రాలేదు.)

దివాలా చట్టం ప్రకారం సంస్థ ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు ముందు ప్రక్రియ ఖర్చులకు, తరువాత తాకట్టు పెట్టుకున్న బ్యాంకులకు, కార్మికుల బకాయిలకు, ఆపైన మిగతా ఉద్యోగులకు, తాకట్టు లేని రుణాలకు, ప్రభుత్వ బకాయిలకు, మిగిలిన అప్పులకు వెళ్తుంది. ఈక్విటీ షేరు ఉన్నవారు అందరికన్నా చివర ఉంటారు.

మీ వయసులో ఈ డబ్బు నెలనెలా ఇంటి ఖర్చుకు ఆసరా కావాలి. ఏడాది ఖర్చుకు సరిపడా సేవింగ్స్ ఖాతాలోనో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో ఉంచి, మిగతా అధిక భాగాన్ని పోస్టాఫీసులోని సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. చేరిన రోజున్న వడ్డీ రేటే ఐదేళ్లూ ఉంటుంది, వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది. షేర్ల మీద మనసు ఆగకపోతే 25 వేలు దాటకుండా, ఒక్క కంపెనీలో కాక, 50 పెద్ద కంపెనీల షేర్లలో కలిపి పెట్టే నిఫ్టీ ఇండెక్స్ ఫండులో పెట్టండి.

మీ అల్లుడు ఇప్పటికే తన డబ్బుతో ఆ షేరు కొని ఉండి, నష్టానికి అమ్మదలిస్తే, గడువులోపు ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయమని చెప్పండి. ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి క్యాపిటల్ గెయిన్స్‌లో (షేర్లు, ఆస్తులు అమ్మితే వచ్చే లాభాల్లో) మినహాయించుకోవచ్చు, అయితే ఏడాది దాటాక అమ్మిన నష్టం దీర్ఘకాలిక లాభాలతోనే సర్దుబాటు అవుతుంది.