అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో "ఫిజికల్ రన్ గేమ్" అంటే ఎక్కువసార్లు పరిగెత్తడమేనా?

కామెంటేటర్లు కొన్ని టీమ్‌లను "ఫిజికల్ రన్నింగ్ టీమ్" అంటారు కదా, అది రన్ ప్లేల (పాస్ వేయకుండా బంతి పట్టుకుని పరిగెత్తే ఆటల) సంఖ్యను బట్టా, ఇంకేమైనా ఉందా, టీవీలో చూస్తూ ఎలా పట్టుకోవాలి అని అడిగారు.

సంఖ్యను బట్టి కాదు. ముందంజలో ఉన్న టీమ్ టైమ్ కరిగించడానికి చివర్లో ఎలాగూ పరుగే ఎంచుకుంటుంది, అందుకే గెలిచినవాళ్ళకి క్యారీలు (బంతి పట్టుకుని పరిగెత్తినసార్లు) ఎక్కువ కనిపిస్తాయి. ఏ ప్లే వస్తోందో డిఫెన్స్‌కి తెలిసిపోయాక కూడా నాలుగు యార్డులు వస్తున్నాయా? చూడాల్సింది అది.

2023 నవంబర్ 11న పెన్ స్టేట్ యూనివర్సిటీ మైదానంలో మిషిగన్ యూనివర్సిటీ ఆడిన మ్యాచ్ దొరికితే సెకండాఫ్ చూడండి. అధికారిక లెక్కలో మిషిగన్‌వి వరసగా 32 ప్లేలు పరుగే. మధ్యలో ఒక పాస్ వేసినా డిఫెన్స్ పెనాల్టీ వల్ల అది లెక్కలోకి రాలేదు. మొత్తం 46 క్యారీలు, 227 యార్డులు, 24-15తో గెలుపు. పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ చేతకానివాడేం కాదు, ఆ జె.జె. మెకార్తీని 2024లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కాలేజ్ ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే తీసుకున్నారు. పెన్ స్టేట్ ఎడ్జ్ రషర్లు (లైన్ చివర్ల నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాళ్ళు) మెరుపు వేగం గలవాళ్ళు. పాసే వేయకపోతే ఆ వేగంతో వాళ్ళకి పనేముంది? స్టేడియమంతా పరుగేనని తెలిసి కూర్చున్నా నాలుగో క్వార్టర్‌లో మిషిగన్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) బ్లేక్ కోరమ్ 30 యార్డుల టచ్‌డౌన్ కొట్టాడు.

ఇలాంటి టీమ్‌ల దగ్గర వంద ప్లేలు ఉండవు. రెండు మూడు పరుగులనే రకరకాల ఫార్మేషన్ల నుంచి ఆడతారు. వాటిలో ముఖ్యమైనది "పవర్". ముందు వరసలో నలుగురు లైన్‌మెన్ ఉన్న డిఫెన్స్ మీద, కుడివైపు ఆడితే పని ఇలా పంచుకుంటారు. లైన్ మధ్యలోని సెంటర్ పక్కనుండే కుడి గార్డ్, అతని పక్కనుండే కుడి టాకిల్ కలిసి ఎదురుగా ఉన్న డిఫెన్సివ్ టాకిల్‌ను (డిఫెన్స్ వరసలో లోపలి లైన్‌మన్‌ను) డబుల్ టీమ్ చేసి వెనక్కి నెడతారు. హెచ్-బ్యాక్ (లైన్ వెనక నిలబడే అదనపు బ్లాకర్) వెళ్ళి చివర ఉన్న డిఫెన్సివ్ ఎండ్‌ను బయటికి తోస్తాడు. ఎడమ గార్డ్ తన చోటు వదిలి, లైన్ వెనకగా పరిగెత్తి, ఆ రెండు బ్లాక్‌ల మధ్య సందులోంచి దూరి లైన్‌బ్యాకర్‌ను (డిఫెన్స్ లైన్ వెనక నిలబడే డిఫెండర్‌ను) కొడతాడు. గార్డ్ వదిలిన ఖాళీని సెంటర్, ఎడమ టాకిల్ మూస్తారు. రన్నింగ్ బ్యాక్ ఒక అడుగు ఎడమకి వేసి, ఆగి, గార్డ్ వీపు వెనకాలే వెళ్ళాలి.

చెడిపోయేది ఎక్కువగా డబుల్ టీమ్ దగ్గరే. ఇద్దరిలో ఒకడు లైన్‌బ్యాకర్ కోసం తొందరపడి ముందే వదిలేస్తాడు, డిఫెన్సివ్ టాకిల్ సందు చీల్చుకుని వచ్చేస్తాడు, ప్లే అక్కడే అయిపోతుంది. అందుకే కోచ్‌లు పదేపదే చెప్పే మాట: నాలుగు చేతులు లైన్‌మన్ మీద, నాలుగు కళ్ళు లైన్‌బ్యాకర్ మీద. లైన్‌బ్యాకర్ తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా వదలకూడదు.

రెండో తప్పు, గార్డ్ మరీ వెడల్పుగా చుట్టు తిరిగి రావడం. అతను డబుల్ టీమ్‌ను రాసుకుంటూ వెళ్ళాలి, లేకపోతే లైన్‌బ్యాకరే సందులోకి ముందు చేరతాడు. మూడోది డిఫెన్స్ తెలివి: ఎండ్ బయటికి తోయించుకోకుండా హెచ్-బ్యాక్ కిందుగా లోపలికి దూరతాడు, సందు మూసుకుపోతుంది. అప్పుడు హెచ్-బ్యాక్ అతన్ని లోపలే అదిమి పట్టాలి, గార్డ్, బ్యాక్ బయటి నుంచి తిప్పుకోవాలి. ప్రాక్టీస్‌లో వందలసార్లు కలిసి చేస్తేనే ముగ్గురికీ ఒకే క్షణంలో ఒకే ఆలోచన వస్తుంది. మిషిగన్ 2021లో ప్రాక్టీస్‌లో తొమ్మిది మందికి ఏడుగురిని ఎదురు నిలిపే రన్ డ్రిల్‌కి "బీట్ ఒహాయో" అని పేరు పెట్టుకుంది. ఆ ఏడాదే ఒహాయో స్టేట్ మీద 297 రన్నింగ్ యార్డులతో 42-27 గెలిచింది. బలం మాట సరే, నా ఉద్దేశంలో అంతకన్నా విలువైనది ఈ కలిసికట్టు అలవాటే.

ఇక లెక్క. ఐదుగురు లైన్‌మెన్, ఒక హెచ్-బ్యాక్ ఉంటే బ్లాకర్లు ఆరుగురు. బంతి దగ్గరగా, లైన్‌కి ఐదారు యార్డుల లోపు నిలబడ్డ డిఫెండర్లను లెక్కపెట్టండి. ఆరుగురైతే ఒక్కొక్కరికి ఒక్కో బ్లాకర్, పరుగు సరైనదే. ఏడోవాడు వస్తే అతనికి బ్లాకర్ లేడు. మంచి టీమ్ దగ్గర దీనికి సమాధానాలు సిద్ధంగా ఉంటాయి: అదనంగా ఇంకో లైన్‌మన్‌ను దింపడం, క్వార్టర్‌బ్యాక్ తానే బంతి ఉంచుకుని పరిగెత్తడం, లేదా పరుగు బ్లాకింగ్ మీదే చిన్న పాస్ వేయడం. చివరిదానికి కాలేజ్ రూల్ కలిసొస్తుంది. పాస్ వేసేలోగా లైన్‌మెన్ మూడు యార్డుల దాకా ముందుకు వెళ్ళొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క యార్డే. లైన్‌బ్యాకర్లు గార్డ్‌ను చూసే పరిగెడుతున్నారంటే గార్డ్‌ను అలాగే చోటు వదిలించి పక్కకి పరిగెత్తించి, పరుగు చూపించి, వాళ్ళ వెనక ఖాళీలోకి పాస్ వేస్తారు.

టీవీలో బంతిని వదిలేసి ఎడమ, కుడి గార్డ్‌లను చూడటం అలవాటు చేసుకోండి. గార్డ్ తన చోటు వదిలి ఎటు పరిగెడితే ప్లే దాదాపు అటే. వీలైతే గోల్‌పోస్ట్ వెనక నుంచి తీసిన రీప్లే చూడండి, డబుల్ టీమ్ అందులోనే స్పష్టంగా కనబడుతుంది. అందరూ కింద పడ్డాక ఆటగాళ్ళ కుప్ప ఏ వైపు జరిగిందో గమనించండి.

బాక్స్ స్కోర్ (మ్యాచ్ గణాంకాల పట్టిక) చదివేటప్పుడు ఒక జాగ్రత్త. కాలేజ్ లెక్కల్లో శాక్‌లు (పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను వెనకే పడగొట్టడం) రన్నింగ్ ఖాతాలోనే పడతాయి. 40 క్యారీలు, 120 యార్డులు అని ఉంటే సగటు మూడే కదా అనుకుంటాం. అందులో 35 యార్డులు పోగొట్టిన ఐదు శాక్‌లు ఉంటే అసలు పరుగులు 35, యార్డులు 155, సగటు 4.4. శాక్‌లు తీసేశాకే ఆ టీమ్ రన్ గేమ్ గురించి మాట్లాడండి.