‘మళ్లీ వస్తుందేమో’ అన్న భయం

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి పదమూడేళ్లు. రెండు నెలల కిందట క్లాసులో కూర్చుని ఉండగా ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం, చేతులు తిమ్మిరెక్కడం. చచ్చిపోతున్నానని ఏడ్చింది. తర్వాత మరో నాలుగుసార్లు వచ్చింది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. ఇప్పుడు స్కూలుకు వెళ్లనంటోంది. ఫోన్ రాగానే పరుగెత్తి ఇంటికి తెచ్చేస్తున్నాను. మావారేమో నటిస్తోందంటున్నారు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే జీవితాంతం మందులు వాడాలేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీవారికి ఈ మాట చెప్పండి: పాప నటించడం లేదు. ఆ దడ నిజం, ఆ తిమ్మిరీ నిజమే, చచ్చిపోతానన్న భయం అన్నిటికంటే నిజం. మీరు రాసిన లక్షణాలు పానిక్ ఎటాక్‌లానే ఉన్నాయి.

అపాయం వచ్చినప్పుడు పరుగెత్తడానికి మన ఒంట్లో ఒక అలారం ఉంటుంది. అది ఏ అపాయమూ లేకుండా మోగితే అడ్రినలిన్ అనే హార్మోన్ ఎగదన్ని గుండె వేగంగా కొట్టుకుంటుంది, పిల్ల గబగబా ఊపిరి తీస్తుంది. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, అందుకే తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం. ఇదంతా తెలియని పిల్ల గుండె ఆగిపోతోందనుకుంటుంది, ఆ అనుకోవడంతో భయం ఇంకా పెరుగుతుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది.

ఒకసారి వచ్చినంత మాత్రాన జబ్బు కాదు. కారణం లేకుండా పదేపదే వస్తూ, మళ్లీ వస్తుందేమో అన్న భయం కనీసం నెల రోజులు వదలకుండా ఉంటేనో, ఆ భయంతో పిల్ల తీరు మారిపోతేనో పానిక్ డిజార్డర్ అంటాం. చిన్నపిల్లల్లో అరుదు, టీనేజీలో మొదలవడం ఎక్కువ. అయితే పరీక్ష ముందో, ఫలానా క్లాసులోనో మాత్రమే వస్తుంటే సంగతి వేరు. స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో మెల్లగా అడగండి. కాఫీ, ఎనర్జీ డ్రింకులు, కొన్ని ఆస్తమా ఇన్‌హేలర్లు కూడా దడ పుట్టిస్తాయి, ఇవేమైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. ఆడుతూ పరుగెత్తుతూ స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం గుండె డాక్టరుకు మళ్లీ చూపించాల్సిందే.

ఇప్పుడు మీకు కష్టంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. మీరు ప్రేమతోనే ఇంటికి తెచ్చేస్తున్నారు, ఆ ఫోన్ వచ్చినప్పుడు ఏ తల్లైనా పరుగెత్తుతుంది. కానీ ఇంటికి రాగానే తగ్గేసరికి, ‘ఇంటికొచ్చాను కాబట్టే బతికాను’ అని పాప మనసు నేర్చుకుంటోంది. అక్కడే ఉన్నా తగ్గేదని తెలుసుకునే అవకాశం దానికి రావడం లేదు, అందుకే ఇవాళ స్కూలు, రేపు బస్సు, ఎల్లుండి గుమ్మం దాటడమే భయమవుతుంది. మొదట ఒక గంట, తర్వాత ఒక పూట, ఇలా మెల్లమెల్లగా పంపండి. ఎటాక్ వస్తే క్లాస్ టీచరు పక్కన కాసేపు కూర్చోబెట్టి, తగ్గాక మళ్లీ క్లాసుకు పంపేలా ముందే మాట్లాడుకోండి. ఆ సమయంలో ‘ఏం లేదు, ఊరుకో’ అనకుండా, ‘ఇది ఆ అలారమే, కాసేపట్లో దిగుతుంది, నేనున్నాను’ అనండి. ఊపిరి మెల్లగా, వదిలేది కాస్త ఎక్కువసేపు వదలమనండి. ముక్కు దగ్గర కాగితం సంచి పెట్టే పాత పద్ధతి వద్దు.

అసలు చికిత్స సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే, ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే కౌన్సెలింగ్, సాధారణంగా కొన్ని నెలలు సాగుతుంది. అందులో థెరపిస్టు పిల్లను కావాలనే కుర్చీలో తిప్పుతారు, ఉన్నచోటే పరుగెత్తిస్తారు, సన్నని స్ట్రాతో ఊపిరి తీయిస్తారు. దడ వస్తుంది, పోతుంది, ఏమీ కాలేదని పాప తన ఒంటితోనే తెలుసుకుంటుంది. వినడానికి కఠినంగా ఉన్నా, నాకు ఎక్కువ నమ్మకం దీనిమీదే.

మందులు అందరికీ అక్కర్లేదు. అవసరమైతే ఫ్లుయోక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటివి తక్కువ డోసుతో మొదలుపెడతారు. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇవి వ్యసనంగా మారే మందులు కావు, జీవితాంతం వాడాల్సిన పనీ సాధారణంగా ఉండదు, కానీ మీ అంతట మీరు ఆపేయకూడదు. కొందరు పిల్లల్లో మొదటి వారాల్లో చిరాకు, చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని 2004లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, కాబట్టి ఆ రోజుల్లో కనిపెట్టుకుని ఉండండి, అలాంటి మాట వింటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆందోళన తగ్గించడానికి వాడే అల్ప్రజోలం లాంటివి అలవాటు పడిపోయే మందులు, ఎవరో ఇచ్చారని పాపకు వేయకండి.

పిల్లల సైకియాట్రిస్టును కలిసేలోపు ఒక నోటుబుక్కులో ఎటాక్ ఎప్పుడు, ఎక్కడ వచ్చింది, ఎంతసేపుంది, అప్పుడు ఎవరేం చేశారు అన్నది రాసిపెట్టండి. పాప చేతే రాయిస్తే ఇంకా మంచిది.