నాసిక్ పోతున్న నా మేనకోడలికి

బిడ్డా,

నిన్న పొద్దుగూకినంక మీ అమ్మ ఫోన్ చేసింది. మిర్చి ఏరుడు గురించి, కూలోళ్లు దొరకని సంగతి గురించి చాలాసేపు మాట్లాడింది. ఇగ పెడ్త అన్నంక గొంతు తగ్గించి అసలు ముచ్చట తీసింది. "పిల్ల ఆఫీసోళ్లతోని నాసిక్ పోతదట తమ్మీ. సాయంత్రం వైన్ తాగుడు, ఆడనే రాత్రి తిండి, దానికి పైసలు కూడ కట్టిండ్రట. నువ్వన్న చెప్పు" అన్నది. పదిహేడేండ్లు నాసిక్‌ల బండి నడిపి, ఆ వైన్ ద్రాక్ష తోటలకు మనుషులను తీస్కపోయినోన్ని నేనే గద, అందుకే నాకు అప్పజెప్పింది.

నేను పోవద్దంటననుకున్నది మీ అమ్మ. నేనన. పో బిడ్డా, మంచిగ పో. మీ అమ్మమ్మ పోస్టాఫీసుల వేలిముద్ర వేసి పైసలు తీసుకునేది. ఆమె మనుమరాలు పుణెల కొలువు చేసుకుంట, తన జీతం పైసలు పెట్టి, తన తోటోళ్లతోని ఊరు చూడ పోతున్నదంటే నాకు పానం లేచొచ్చింది. కని ఫోన్ పెట్టినంక నిద్ర పట్టలే. రెండింటికి లేచి ఈ కాగితం పట్టుకున్న.

మీ అమ్మ మీద కోపం చెయ్యకు. మన గడ్చిరోలి జిల్లాల 1993ల దారూబందీ, అంటే మందు మీద నిషేధం, వచ్చింది. ఊకెనే రాలే. ఊరూరా ఆడోళ్లు మోర్చాలు తీస్తే వచ్చింది. మీ అమ్మమ్మ కూడ పోయింది, చంకల చద్దిమూట పెట్టుకొని. అంతకు ముందు మా బాపు ఇప్పసారా తాగి ఇంటికొచ్చిన రాత్రులల్ల మీ అమ్మ నన్ను పట్టుకొని వడ్ల గుమ్మి ఎనుక కూసునేది. నా నోటి మీద ఆమె చెయ్యి ఉండేది, నేను ఏడిస్తే బాపుకు ఇనబడ్తదని. ఆ చెయ్యి ఇంక ఆమెకు గుర్తుంటది. నీకు వైన్ అంటే సీసా, గాజు గిలాస. ఆమెకు ఆ గుమ్మి ఎనుక చీకటి. నువ్వు ఆమెకు ఫోన్ చేసి, ఏడికి పోతున్నవో, ఎవలతోని పోతున్నవో, ఎన్నింటికి వస్తవో నీ నోటితోనే చెప్పు. నేను చెప్తే అది వేరే.

ఇగ పని ముచ్చట. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకో, 21 నిండినయని చూపియ్యాలె. స్వెటర్ మర్వకు, జనవరిల నాసిక్ చలి మన సిరొంచ చలి తీరు ఉండది. పొద్దు గుంకంగనే వణుకు పుడ్తది. మడిమె ఎత్తు చెప్పులు ఏసుకోకు, తోటల మట్టి మెత్తగ ఉంటది. అదే రాత్రి పుణెకు తిరుగుదామని ఎవలన్న అంటే ఒప్పుకోకు. రెండు వందల పైన కిలోమీటర్లు, మధ్యల ఘాట్లు. నాసిక్‌ల రూము తీసుకొని పండుకొని, తెల్లారి రండ్రి.

పోయేముందు కడుపుకు తిను. రెండు చపాతీలన్న తిను. టేస్టింగ్, అంటే రకరకాల వైన్ కొద్దికొద్దిగ రుచి చూసుడు, అయినంక డిన్నరే ఉన్నది కదా అని అందరు ఖాళీ కడుపుతోని పోతరు. డిన్నర్ రానీకి తొమ్మిదవుతది. ఆలోపట అయిదారు రకాలు గొంతు దిగుతయి. ఒక్కో గిలాసల పోసేది రెండు గుటకలే, కని ఖాళీ కడుపుకు ఆ లెక్క తెల్వదు. ప్రతి రకం మధ్యల నీళ్లు తాగు.

సెంటు కొట్టుకోకు, తలల మల్లెపూలు పెట్టుకోకు. పెట్టుకున్నవా, నీకే కాదు, పక్కనున్నోళ్లకు కూడ గిలాసల వాసన తెల్వదు. ముందుగాల తెల్లది పోస్తరు, తర్వాత గులాబీ రంగుది, ఆ తర్వాత ఎర్రది, తీపిది ఆఖరికి. ఆ వరుస ఎందుకంటే ఎర్రది ముందు తాగితే తెల్లదాని సన్నని రుచి నాలిక్కు అందది. తెల్లదానికి ద్రాక్ష తొక్క తీసేసి రసమే పులియబెడ్తరు, ఎర్రదాన్ని తొక్కతోని కలిపి పులియబెడ్తరు. పచ్చి నేరేడు కొరికినట్టు ఎర్రది నోరు పట్టేసుడు ఆ తొక్క వల్లనే. గిలాసను కాడ దగ్గర పట్టుకో, బుడ్డ పట్టుకుంటే చెయ్యి వేడి దానికి తగులుతది. జామకాయ వాసన వస్తున్నదా, పచ్చి కాప్సికం వాసన వస్తున్నదా అని గైడ్ అడుగుతడు. రాకుంటే రాలేదని చెప్పు. తల ఊపేటోళ్లను నేను వందలమందిని చూసిన. తల ఊపితే నేర్చుకునేదేం లేదు. నిజంగనే ఒకసారి వాసన పట్టుకుంటే, తర్వాత ఆ వాసన నిన్ను ఇడువది.

ఉమ్మే బుడ్డి ఒకటి పెడ్తరు. మనకు ఎంగిలి అనిపిస్తది, పైసలు పెట్టి కొన్నది ఉమ్ముడేంది అనిపిస్తది. సిగ్గుపడకు. మనం పోచమ్మకు కల్లు సాక పోసి, మొదటి చుక్క భూమికి ఇచ్చినంకనే తాగినోళ్లం. కొంత కింద పోస్తే తప్పేం కాదు. నచ్చింది మింగు, నచ్చంది ఉమ్ము, గిలాసల మిగిలింది ఆ బుడ్డిల పొయ్యి. అట్ల చేస్తే అసలు రుచి చూడొచ్చినోళ్లు వీళ్లు అని గైడ్‌కు కూడ సంబురమైతది.

తోట చూపిస్తమంటే చీకటి పడకముందే పొమ్మను. అక్కడ ద్రాక్షను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తరు, ఏప్రిల్‌ల ఒకసారి, అక్టోబర్‌ల ఒకసారి. అక్టోబర్ కత్తిరింపు మీద పట్టిన గుత్తులు జనవరి నుంచి మార్చి దాక కోతకొస్తయి. అంటే నువ్వు పోయేసరికి గుత్తులు తీగ మీదనే ఉంటయి. అడిగి ఒక్క పండు తెంపుకొని తిను. మనం బజార్ల కొనే ద్రాక్ష తీరు ఉండది. చిన్నగ, మందం తొక్కతోని, లోపట గింజ పండ్లకు తగులుతది, తీపి మాత్రం పెదాలు అతుక్కునేంత. ఆ ఒక్క పండు తిన్నోళ్లకు గిలాసల ఏమున్నదో సగం అర్థమైతది. నేను పోయిన కొత్తల, 2003 కుంభమేళాకు బండి నడప పోయి అక్కడనే ఉండిపోయినప్పుడు, ఇసొంటి తోటలు తక్కువ. 2000ల సులా అనే కంపెనీ వాళ్లు వైన్ మొదలుపెట్టి, 2005ల టేస్టింగ్ రూము తెరిచినంక బొంబాయి నుంచి, పుణె నుంచి జనం దిగుడు మొదలైంది. మా అసొంటి డ్రైవర్లకు బువ్వ దొరికింది కూడ ఆ తీగల వల్లనే. అందుకే నాకు వాటి మీద కోపం లేదు.

డిన్నర్ల ఒక్క మాట. మనం కారం తినేటోళ్లం. కారం కూరతోని ఎర్ర వైన్ తాగితే మంట రెండింతలైతది. కారం తిన్నప్పుడు కొద్దిగ తీపి ఉన్న తెల్లది, షెనాన్ బ్లాంక్ అంటరు, అది అడుగు.

ఇప్పుడు చెప్పేది మీ అమ్మకు తెల్వదు, మీ అత్తకు తెల్వదు.

2009 ఫిబ్రవరి. కోతలు జోరు మీదున్నయి. నలుగురు పోరగాళ్లను ఒక తోటకు తీస్కపోయిన. పొద్దున పదింటికి ఒక వడాపావ్ తిన్నదే, అంతే. వాళ్లు లోపట టేస్టింగ్ చేసిండ్రు, పాటలు పాడిండ్రు, తినుడు మొదలుపెట్టిండ్రు. నేను బయట బండ్ల దగ్గర నిలబడ్డ. చలి. వంటింటి కిటికీల నుంచి వెల్లుల్లి వేగిన వాసన. డ్రైవర్లకు తిండి అనేది ఆ బుకింగ్‌ల లేకుండె, అడగనీకి నాకు మొకం చెల్లలే. తొమ్మిదిన్నరకు వాళ్లల్ల ఒక పోరడు బయటికొచ్చిండు. మంచి పోరడే, చేతుల మూడు గిలాసలు పట్టుకొని, "దాదా, మీరు చలిల నిలబడ్డరు, ఇది తాగండి" అన్నడు. పాపం, వాడు ప్రేమతోనే తెచ్చిండు.

నాలుగేండ్ల నుంచి మనుషులను ఆ తోటలకు తెస్తున్న, ఒక్క చుక్క రుచి చూడలే. దారి పొడుగునా "అది చాన మంచిగుంటది సాబ్" అని చెప్పేటోన్ని. రుచి ఏందో తెల్సుకోవాలని ఆశ. ఇంకోటి, నా మనసుల గర్వం: ఇప్పసారా ఊర్ల పుట్టినోన్ని, ఈ ద్రాక్ష రసం నన్నేం చేస్తది అని. మూడు తాగిన. తియ్యగ దిగినయి. వాడు పోయి ఇంకోటి తెచ్చిండు, అది కూడ తాగిన. సారా అయితే గొంతు కాలి ఆగుతం, ఇది ఆపది. అదే దాంతోని భయం.

పదిన్నరకు బండి తీసిన. నాకేం కాలేదనే అనిపించింది. చేతులు తేలికగ ఉన్నయి, తొవ్వ వెడల్పుగ కనబడ్డది. మలుపుల ముందట ట్రాక్టర్ పోతున్నది, ఎనుక లైటు లేదు, ట్రాలీల ఖాళీ క్రేట్లు. దాన్ని తప్పించిన. దాని పక్కన సైకిల్ మీద వస్తున్న మనిషిని తప్పించలే.

చప్పుడు పెద్దగ రాలే, బిడ్డా. తలుపు మీద చేత్తోని కొట్టినంత. దిగి చూస్తే సైకిల్ చక్రం ఇంక తిరుగుతున్నది. టిఫిన్ డబ్బా మూత ఊడి, జొన్న భాకరి రొట్టె, ఎర్రటి ఠేచా కారం తొవ్వ మీద పడ్డయి. పేఠ్ దిక్కు నుంచి ద్రాక్ష కోత కూలికి వచ్చిన ముసలాయన. ఆయన వేళ్ల సందుల ద్రాక్ష మరకలు నల్లగ ఉన్నయి. కాలు మోకాలు కింద వంగకూడని దిక్కు వంగింది. ఆయన అరవలే. "సైకిల్, సైకిల్" అన్నడు, అంతే.

నా బండిల్నే దవాఖానకు తీస్కపోయిన. ఆ పోరగాళ్లు నాతోనే ఉండి పైసలు కూడ ఇచ్చిండ్రు. తెల్లారి పోలీసులు వచ్చి అడిగితే, చీకట్ల కనబడలే అన్న. ట్రాక్టర్‌కు లైటు లేదన్న. రెండు నిజమే. మూడోది చెప్పలే. ఎవలు అడగలే, వాసన అప్పటికి పోయింది. మీ అత్త గొలుసు కుదువ పెట్టి ఆపరేషన్‌కు కట్టిన. ఆమెకు కూడ చీకటి అనే చెప్పిన.

నాలుగు నెలలు ప్రతి ఆదివారం ఆయన దగ్గరికి పోయిన. మొదటిసారి పోయినప్పుడు ఆయన మంచం మీద నుంచి నన్ను చూసి అడిగిన మొదటి మాట, "జేవలాస్ కా?" తిన్నవా, అని. ఎవలను చూసినా అడిగినట్టే నన్నూ అడిగిండు. తిన్న అని అబద్ధం చెప్పిన. ఆయన పెండ్లాం నా మొకం చూసి సగం భాకరి తెంపి చేతుల పెట్టింది. ప్రతి ఆదివారం ఈ రోజు చెప్తననుకునేది, చెప్పక వచ్చేది. కట్టు ఇప్పినంక వాళ్లు ఊరికి పోయిండ్రు. ఆ కాలు సరిగ మడవ రాలే. ఇగ కూసొని తీగ కింద పని చెయ్యలేడు. ఆయనకు ఇప్పటికి తెల్వదు నేను తాగి ఉన్ననని.

పదిహేనేండ్లు దాటింది. నువ్వు పోతున్నవని విన్నంక ఇది నీకు రాయకపోతే నేను చెప్పే మిగతా మాటలన్ని ఉత్తవే అనిపించింది.

అందుకే, వైన్ ఏది మంచిది, ఏది కాదు అన్నది నీ ఇష్టం. బండి సంగతి మాత్రం నేను చెప్పినట్టు ఇను. మీలో ఎవలు బండి నడపొద్దు, నేను ఒక్క గుటకే తాగిన అన్నోళ్లు అసలే నడపొద్దు. డ్రైవర్‌తోని బండి మాట్లాడు. బుక్ చేసేటప్పుడే, డ్రైవర్‌కు తిండి ఉన్నదా, ఏడ కూసుంటడు అని అడుగు. లేదంటే మీ పైసలతోని పెట్టియ్యండ్రి. మీ పళ్లాలు రాకముందే ఆయన పళ్లెం పోవాలె. నువ్వే పోయి తిన్నడా లేదా చూడు, వెయిటర్‌కు చెప్పి ఊకోకు. మీవోళ్లు ఎవలన్న ప్రేమకొద్ది ఆయనకు గిలాస తీస్కపోతే, అడ్డం నిలబడు. జర మొండిగ కనబడ్తవు, కనబడు. చాయ్ తీస్కపో. బండి ఎక్కేముందు పక్కన నిలబడి రెండు మాటలు మాట్లాడు, వాసన నీకే తెలుస్తది. అనుమానమొస్తే ఎక్కకు. ఆ రాత్రి ఇంకో బండికి ఎంతయినా నేను పంపిస్త, అడగనీకి ఆలోచించకు.

మీ బాపుకు సీసా తేవాలని మనసు పడకు. పుణెల ఇచ్చుకో, కని మన జిల్లాలకు తేకు. చంద్రాపూర్‌ల 2015ల పెట్టిన బందీ 2021ల ఎత్తేసిండ్రు, మన దగ్గర మాత్రం అట్లనే ఉన్నది. బస్సుల సంచి ఎతికితే నీ పేరు కేసుల పడ్తది. దానికంటే పెద్దది, మీ అమ్మమ్మ నడిచిన మోర్చా. బాపుకు ఎండు ద్రాక్ష తే, నాసిక్‌ది మంచిగుంటది.

ముందురోజు టైముంటే గోదావరి ఒడ్డుకు పోయి కాళ్లు కడుక్కో. త్రయంబకం దగ్గర పుట్టి, నాసిక్, పైఠణ్, నాందేడ్, బాసర, మంచిర్యాల దాటి, కాళేశ్వరం ముందట మన ప్రాణహితను కలుపుకునే నీళ్లే అవి. నేను ఇంటి మీద బెంగ పడ్డప్పుడల్లా ఆడికే పోయి కూసునేది.

మీరు పోయేది గంగాపూర్ డ్యాం దిక్కే అని మీ అమ్మ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు ఊరి లైట్లు కనబడకముందు ఎడమ పక్క పెద్ద మర్రిచెట్టు, దాని కింద ఒక బోరింగు, ఆడ తొవ్వ ఒకేసారి వంగుతది. పగటి పూట పోయేటప్పుడే చూసి పెట్టుకో. రాత్రి ఆ మర్రి రాంగనే డ్రైవర్‌కు చెప్పు, "దాదా, ఈడ మెల్లగ పోనియ్యండి, కోత కూలోళ్లు సైకిళ్ల మీద వస్తుంటరు" అని.

నీ మామ